జబ్బు మారినా మారని చీటీ: గల్లీ క్లినిక్‌లో ఐదు మందుల లెక్క

చాలా ఇళ్ళలో ఒక పాలిథిన్ కవర్ ఉంటుంది. బీరువా పైనో, ఫ్రిజ్ మీదో, అమ్మీ మంచం పక్కనో. అందులో పాత మందుల చీటీలు, సగం వాడిన గోళీల షీట్లు, ఎప్పుడో చేయించిన షుగర్ రిపోర్టు ఉంటాయి. పిల్లాడికి మళ్ళీ జ్వరం వస్తే ఆ కవర్ బయటికి తీస్తారు. పోయినసారి డాక్టర్ సాబ్ రాసిన చీటీ వెతికి, అదే మెడికల్ షాపులో చూపించి, అవే గోళీలు తెచ్చుకుంటారు.

ఆ చీటీలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. చూస్తే చాలా ఇళ్ళలో ఒకే సంగతి బయటపడుతుంది. జలుబుకు రాసింది, ఒళ్ళు నొప్పులకు రాసింది, విరేచనాలకు రాసింది దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి గోళీ, ఒక గ్యాస్ గోళీ, ఒక విటమిన్, ఒక సిరప్. సూది వేస్తే అది అదనం. జబ్బు మారినా చీటీ మారడం లేదంటే, ఆ చీటీని నిర్ణయించేది జబ్బు ఒక్కటే కాదని అర్థం.

ఒక్క చీటీ చూసి డాక్టర్ తప్పు చేశాడని ఎవరూ చెప్పలేరు. ఆ రోజు పేషెంటు పరిస్థితి ఏమిటో చూసిన డాక్టర్‌కే తెలుస్తుంది. కానీ వంద చీటీలు కలిపి చూస్తే అది ఒక పేషెంటు కథ కాదు, ఒక క్లినిక్ అలవాటు. ఆ అలవాటుకు కారణాలున్నాయి, దానికి ఖర్చూ ఉంది. ఆ ఖర్చు కట్టేది పేషెంటు కుటుంబమే.

పెద్ద దవాఖానాల్లోనే ఇలా ఉంటే

డాక్టర్ల చీటీలను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే ఐదు సూచికలు పెట్టింది. సగటున ఒక్కో పేషెంటుకు ఎన్ని మందులు రాస్తున్నారు? వాటిలో జెనరిక్ పేరుతో రాసినవి ఎన్ని? వంద మందిలో ఎంతమందికి యాంటీబయాటిక్ ఇస్తున్నారు? ఎంతమందికి సూది వేస్తున్నారు? రాసిన మందుల్లో అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి ఎన్ని? ఈ లెక్క తీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చీటీలు, ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే చాలు.

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఇలాంటి పని ఒకటి చేయించింది. 2019 ఆగస్టు నుంచి 2020 ఆగస్టు వరకు దేశంలోని 13 పెద్ద దవాఖానాల ఓపీల్లో రాసిన 4,838 చీటీలను నిపుణులు పరిశీలించారు. వాటిలో 2,171 చీటీలు, అంటే దాదాపు 45 శాతం, చికిత్స మార్గదర్శకాలకు ఏదో ఒక తేడాతో ఉన్నాయి. 475 చీటీల్లో, అంటే దాదాపు 10 శాతం వాటిలో, అంగీకరించలేని తేడాలు ఉన్నాయి. అనవసర ఖర్చు, మందుల మధ్య చర్య, సైడ్ ఎఫెక్ట్, యాంటీబయాటిక్ పనిచేయకుండా పోవడం లాంటి నష్టం తెచ్చేవి అవి. తేడా ఎక్కువగా కనిపించిన మందుల్లో మొదటి వరుసలో ఉన్నది పాంటోప్రజోల్. మనం 'గ్యాస్ గోళీ' అని పిలిచే మందు.

ఆ చీటీలు రాసినవాళ్ళు పీజీ చదివి, ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టర్లు. పక్కనే ల్యాబ్ ఉంది, సీనియర్లు ఉన్నారు. అక్కడే పదింట ఒకటి ఇలా ఉంటే, ల్యాబ్ లేని, అడిగేవాళ్ళు లేని, సాయంత్రం మగ్రిబ్ నుంచి రాత్రి పదకొండు దాకా లైను తరగని గల్లీ క్లినిక్ సంగతి వేరే చెప్పాలా?

గోళీ గోళీకి ఒక నష్టం

ముందు యాంటీబయాటిక్. మామూలు జలుబు, ఫ్లూ, గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవి. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను, వైరస్‌ను కాదు. జలుబు దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం గోళీకి వస్తుంది. 2022లో లాన్సెట్ ప్రాంతీయ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2019లో భారత ప్రైవేటు రంగంలో అన్నిటికంటే ఎక్కువ వాడిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ 500 ఎంజీ గోళీ. రెండోది సెఫిక్సిమ్ 200 ఎంజీ. ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 'జాగ్రత్తగా వాడాలి' అని వేరుగా పెట్టిన 'వాచ్' వర్గంలోవి. మొదట వాడాల్సిన మందుల వర్గం వేరే ఉంది, అమాక్సిసిలిన్ లాంటివి అందులో ఉన్నాయి. మనం మాత్రం రెండో మెట్టుతోనే మొదలుపెడుతున్నాం.

నష్టం ఏమిటంటే, గోళీలకు అలవాటుపడిన బ్యాక్టీరియా ముదురుతుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అంచనా వేసింది. భారత్‌లో ఆ సంఖ్య దాదాపు 2.97 లక్షలు. ఈరోజు జలుబుకు మింగిన గోళీ, రేపు ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో ఇన్‌ఫెక్షన్ వస్తే పనిచేయకపోవచ్చు. అప్పుడు ఐసీయూలో ఇచ్చే ఖరీదైన సూదులే దిక్కు.

రెండోది నొప్పి గోళీ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కొద్ది రోజులు, అవసరానికి వాడితే మంచి మందులే. కానీ బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పికి నెలల తరబడి మింగితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది, బీపీ పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడతాయి. నానీమాకు మోకాళ్ళ నొప్పి ఉందని గోళీలు తెచ్చే మనవడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మూడోది గ్యాస్ గోళీ. యాంటీబయాటిక్‌కూ నొప్పి గోళీకీ 'తోడుగా' ఇది రాస్తారు. కడుపు పుండు ఉన్నవాళ్ళకు, నొప్పి గోళీలు ఎక్కువ రోజులు వాడక తప్పని పెద్దవాళ్ళకు ఇది అవసరమే. కానీ అందరికీ, అన్నిటికీ కాదు. ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గిస్తుంది. రెండూ కలిసి వాడేవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమందో లెక్కపెట్టి చూడాలి. కాళ్ళు తిమ్మిర్లెక్కితే మళ్ళీ క్లినిక్‌కి, మళ్ళీ ఇంకో గోళీ.

నాలుగోది పేరు చెప్పకుండా ఇచ్చేది, స్టెరాయిడ్. డెక్సామెథాసోన్ లాంటి సూది పడితే నొప్పి, ఆయాసం, దురద వెంటనే తగ్గుతాయి. 'ఆ డాక్టర్ చేతి సూది పడితే చాలు' అని పేరొస్తుంది. అవసరమైన చోట అది ప్రాణం కాపాడే మందే. ఊరికే వాడితే షుగర్ ఎక్కుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఇన్‌ఫెక్షన్లు దాగి ముదురుతాయి. కాగితంలో చుట్టి పేరు లేని గోళీలు పుడియాలు కట్టి ఇచ్చే చోట, లోపల ఏముందో పేషెంటుకు ఎప్పటికీ తెలియదు. డిగ్రీ లేకుండా బోర్డు పెట్టినవాళ్ళ దగ్గర ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఛింద్వాడా చెప్పిన పాఠం

ఐదోది సిరప్. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు, జలుబుకు కోల్డ్‌రిఫ్ అనే సిరప్ తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. మృతుల సంఖ్య 20 దాటింది. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌ను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం తేలింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. కంపెనీ లైసెన్సు రద్దయింది. సిరప్ రాసిన స్థానిక పిల్లల డాక్టర్‌ను కూడా అరెస్టు చేశారు. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ బ్యాచ్ సిరప్ వాడవద్దని మన దగ్గరా హెచ్చరిక జారీ చేసింది.

విషం కలిసింది ఫ్యాక్టరీలో. సీసాలో విషం ఉందని క్లినిక్‌లో కూర్చున్న డాక్టర్‌కు ఎలా తెలుస్తుందని డాక్టర్ల సంఘాలు అడిగాయి. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ సిరప్‌లో ఉండాల్సిన మందుల్లో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ ఉన్నాయి. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. మరణాల తర్వాత 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంకోసారి చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవి పనికిరావు.

అంటే విషం లేకపోయినా, ఆ వయసు పిల్లలకు ఆ సిరప్ అవసరం లేదు. అవసరం లేని చోట రాయకపోయి ఉంటే, ఫ్యాక్టరీ తప్పు అంతమంది పిల్లల దాకా చేరేది కాదు. అనవసరమైన మందు రాసిన ప్రతిసారీ, దానిని ఎవరు ఎలా తయారుచేశారన్న రిస్కు కూడా ఇంటికి వస్తుంది.

వంద రూపాయల ఫీజు వెనుక

ఇంత తెలిసినా ఎందుకు రాస్తారు? డాక్టర్లంతా చెడ్డవాళ్ళని చెప్పడం తేలిక, కానీ అది నిజం కాదు. బస్తీల్లో వంద రూపాయల ఫీజుకు రాత్రి పదకొండింటికి కూడా తలుపు తీసే డాక్టర్ లేకపోతే ఎంతమంది ఇబ్బందిపడతారో అందరికీ తెలుసు. అందుకే అసలు లెక్క చూడాలి.

ఆటో నడిపేవాడికి, బండి మీద పండ్లు అమ్మేవాడికి జ్వరం వస్తే మూడు రోజుల కూలీ పోతుంది. 'డాక్టర్ సాబ్, రేపటికి లేవాలి, గట్టి మందు రాయండి' అంటాడు. 'ఇది వైరల్, నీళ్ళు తాగు, పారాసెటమాల్ వేసుకో, రెస్ట్ తీసుకో' అని చెప్పే డాక్టర్ దగ్గరికి రెండోసారి రాడు. పక్క గల్లీలో సూది వేసేవాడి దగ్గరికి వెళ్తాడు. టెస్టు రాస్తే 'కమీషన్ కోసం రాశాడు' అంటారు. రెండు నిమిషాల్లో తేల్చాల్సిన చోట, టెస్టు లేని చోట, డాక్టర్ తన భయానికీ పేషెంటు తొందరకూ కలిపి ఒకే మందు రాస్తాడు. అదే యాంటీబయాటిక్.

రెండో వైపు షాపు ఉంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ లెక్కలో చిల్లర దుకాణదారుకు కలిపే మార్జిన్ 16 శాతం. జాబితా బయట ఉన్న మందులకు కంపెనీ తనకు నచ్చిన ఎంఆర్‌పీ వేసుకోవచ్చు, ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్నదే పరిమితి. రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్ గోళీలు చాలావరకు ఈ జాబితా బయటే ఉంటాయి. కంపెనీలు నేరుగా షాపులకు ఇచ్చే కొన్ని బ్రాండ్లలో కొన్న ధరకూ ఎంఆర్‌పీకీ మధ్య కొన్ని రెట్ల తేడా ఉంటుంది. ఆ తేడా జెనరిక్ కొన్న పేషెంటుకు దక్కాలి, దక్కేది మధ్యలో ఉన్నవాళ్ళకు. క్లినిక్ లోపలే షాపు ఉంటే, ఫీజు వంద రూపాయలే అయినా బిల్లు ఆరు వందలు ఎందుకైందో ఇక్కడ అర్థమవుతుంది. చీటీలో ఒక లైను పెరిగితే షాపులో ఒక షీటు పెరుగుతుంది.

కాంబినేషన్ గోళీలన్నీ అవసరమైనవా అంటే, ప్రభుత్వమే కాదంది. వైద్యపరంగా సమర్థన లేదని 2024 ఆగస్టులో ఒకేసారి 156 కాంబినేషన్లను నిషేధించింది. అప్పటిదాకా అవి చీటీల్లో ఉన్నవే, ఇళ్ళలో మింగినవే.

దేశంలో ఆరోగ్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచే పెడుతున్నారని 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఇన్సూరెన్సు కార్డులు ఎక్కువగా ఆపరేషన్లకు, అడ్మిషన్లకు పనికొస్తాయి. గల్లీ క్లినిక్ బిల్లుకు ఏ కార్డూ లేదు.

చట్టం ఉంది, చూసేవాళ్ళు తక్కువ

నియమాలు లేవని కాదు. మందులను జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో సవరించిన డాక్టర్ల నైతిక నియమావళి చెబుతోంది. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ చీటీ మీదా ఉండాలి. మందులు రాసినందుకు కమీషన్ తీసుకోవడం తప్పు. జెనరిక్ పేర్లు కచ్చితం చేస్తూ, తప్పితే చర్యలుంటాయని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చింది. డాక్టర్ల సంఘాలు వ్యతిరేకించడంతో అదే నెలలో వాటిని పక్కన పెట్టింది.

డాక్టర్లకు కంపెనీలు ఇచ్చే బహుమతుల ఖర్చును ఆదాయపు పన్నులో తగ్గించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ ఖర్చు చివరికి మందు ధరలోనే కలుస్తుందని గుర్తుచేసింది. 2024 మార్చిలో కేంద్రం కంపెనీల మార్కెటింగ్‌కు ఒకే నియమావళి తెచ్చింది. అందులో బహుమతులు, టూర్లు నిషేధం. కానీ ఫిర్యాదును మొదట విచారించేది కంపెనీల సంఘాల కమిటీయే.

షాపుల విషయానికొస్తే, సెఫిక్సిమ్, అల్ప్రజోలమ్ లాంటి మందులను 2014 నుంచి హెచ్1 షెడ్యూలులో పెట్టారు. చీటీ లేకుండా అమ్మకూడదు. పేషెంటు పేరు, డాక్టర్ పేరు, ఎన్ని గోళీలు ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మన గల్లీ షాపులో ఆ రిజిస్టరులో పేరు రాయించుకున్నవాళ్ళు ఎంతమంది? కేరళ ప్రభుత్వం 2024 నుంచి చీటీ లేని యాంటీబయాటిక్ అమ్మకాల మీద తనిఖీలు పెంచింది. అమ్మకాలు తగ్గాయని ప్రకటించింది. అంటే అదే చట్టంతో పని జరుగుతుంది, చూసేవాళ్ళుంటే. 2025 నవంబరులో కేంద్రం యాంటీబయాటిక్ నిరోధకత మీద రెండో జాతీయ ప్రణాళిక విడుదల చేసింది. అది ఫలించాలంటే తనిఖీ పెద్ద దవాఖానాల దగ్గర ఆగకుండా గల్లీ దాకా రావాలి.

ఇంట్లో చేయగలిగింది

డాక్టర్‌తో తగువు పెట్టుకోమని కాదు. మర్యాదగా అడగడం పేషెంటు హక్కు. డాక్టర్ సాబ్, జబ్బు పేరేమిటి? ఈ ఐదింటిలో తప్పనిసరివి ఏవి? ఇందులో యాంటీబయాటిక్ ఉందా, ఎందుకు? ఎన్ని రోజులు వాడాలి? అమ్మీకి షుగర్, బీపీ గోళీలు ఉన్నాయి, వాటితో ఇది పడుతుందా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. చాలాసార్లు ఒకటి రెండు గోళీలు ఆయనే కొట్టేస్తాడు.

సూది వేస్తే దాని పేరు చీటీలో రాయించుకోవాలి. పేరు లేని పుడియా తీసుకోకూడదు. షాపులో బిల్లు అడగాలి. షీటు మీద నిలువు ఎర్ర గీత ఉంటే, ఆ మందు చీటీ లేకుండా వాడకూడదని గుర్తు. పాత చీటీతో కొత్త జబ్బుకు మందు తెచ్చుకోకూడదు, పక్కింటివాళ్ళ గోళీలు పిల్లలకు వేయకూడదు.

రంజాన్‌కు నెల ముందే షుగర్, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ను కలవాలి. ఏ గోళీ సహరీలో, ఏది ఇఫ్తార్‌లో, ఏది తగ్గించాలో ఆయనే చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి గోళీలు, ఇన్సులిన్ పాత లెక్కలోనే తీసుకుంటే రోజాలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇంకో మాట తప్పక చెప్పాలి. ఇది చదివి ఎవరూ తమ గోళీలు తామే ఆపకూడదు. షుగర్, బీపీ, గుండె, థైరాయిడ్, ఫిట్స్, టీబీ మందులు, నెలలుగా వాడుతున్న స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టర్‌తోనే.

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 నుంచి నడుస్తున్నాయి. అక్కడ ఎంబీబీఎస్ డాక్టర్ చూస్తారు, మందులు, రక్త పరీక్షలు ఉచితం. పగటి పూటే తెరిచి ఉండటం కూలీ పనివాళ్ళకు ఇబ్బంది. సాయంత్రం వేళలు పెంచమని అడగాల్సిన అవసరం ఉంది. జన్ ఔషధి షాపుల్లో బీపీ, షుగర్ గోళీలు బ్రాండు కంటే చాలా తక్కువకు దొరుకుతాయి. చీటీలో జెనరిక్ పేరుంటే అక్కడ కొనడం తేలిక. అనుమానం ఉన్న మందుల గురించి తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

ఈ ఆదివారం ఆ పాలిథిన్ కవర్ కిందికి దించండి. ఏడాది చీటీలను తేదీల ప్రకారం పేర్చండి. ఒక్కో చీటీలో ఎన్ని మందులున్నాయి, ఎన్నిసార్లు యాంటీబయాటిక్ వచ్చింది, ఎన్నిసార్లు సూది పడింది, ఎంత బిల్లైంది, ఒక కాగితం మీద రాయండి. ఈసారి క్లినిక్‌కి వెళ్ళేటప్పుడు ఆ కాగితం కూడా తీసుకెళ్ళి డాక్టర్ సాబ్ టేబుల్ మీద పెట్టండి.